శుక్రవారం పొగ, లేజర్ ట్యూబు

ఆర్టీసీ బస్సులో గాజు గొట్టానికి టికెట్టు కొని, దాన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి ప్రయాణం చేసినవాణ్ణి నేను. కడప నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు దాకా, దాన్ని సర్దిన చెక్కపెట్టె మీద చెయ్యి వేసుకుని వెళ్లేవాణ్ణి. చాలామంది కండక్టర్లు నవ్వేవాళ్లు. ఒకాయన మాత్రం పెట్టెలో ఏముందో అడిగి తెలుసుకుని, రోడ్డు బాగాలేని చోటల్లా డ్రైవరును నిదానంగా పొమ్మని చెప్పాడు. నా ఉద్యోగం మొత్తంలో నాకెవరూ అంత మర్యాద చేయలేదు.

ఆ గొట్టమే లేజర్ కటింగ్ మిషనుకు ప్రాణం. దాన్ని ట్యూబు అంటారు. లోపల గ్యాసు ఉంటుంది, చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. కరెంటు ఇస్తే అందులో ఒక కిరణం పుట్టి, మూడు అద్దాల మీద మలుపులు తిరిగి, చివర ఒక లెన్సు గుండా కిందికి దిగి, పెళ్లికార్డునో ప్లాస్టిక్ షీటునో కోస్తుంది. వాడేకొద్దీ ట్యూబు శక్తి తగ్గుతూ పోతుంది. ఎంత కరెంటు ఎక్కిస్తే అంత తొందరగా తగ్గుతుంది.

నేను పని మానేసి కొన్నేళ్లయింది. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోను చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న, ట్యూబు ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలని. నీళ్లు శుభ్రంగా ఉండాలి, చల్లగా ఉండాలి, అద్దాలు తుడవాలి, కరెంటు మితంగా ఇవ్వాలి అని నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తాను. ఐదో మాట ఒకటుంది. అది ఫోన్లో చెప్పడానికి కుదరదు. దానికి కర్నూలు పెళ్లికార్డుల షాపు సంగతి మొత్తం చెప్పాలి.

నాది రాజంపేట. ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని, చాలాకాలం ప్రింటింగ్ ప్రెస్సుల మిషన్లు బాగుచేశాను. రెండువేల సంవత్సరం దాటాక లేజర్ మిషన్లు మన వైపు రావడం మొదలైంది. వాటిని అమ్మే డీలరు నన్ను కడపలో పెట్టి, రెండు జిల్లాల సర్వీసు అప్పజెప్పాడు. షాపులవాళ్లు నన్ను ఇంజనీరు సార్ అనేవాళ్లు. కాదని చెబితే మిషను గురించి భయం పెరుగుతుంది కాబట్టి ఊరుకునేవాణ్ణి.

ఆ షాపు కర్నూలు పాత టౌనులో ఉండేది. ముందు షాపు, వెనక ఇల్లు. తాతల నాటి నుంచి పెళ్లికార్డుల వ్యాపారమే. అంతకుముందు కార్డు మీద వినాయకుణ్ణి అచ్చు వేసేవాళ్లు. లేజర్ వచ్చాక కార్డులోనే వినాయకుడి ఆకారం కోసి, వెనక బంగారు రంగు కాగితం అంటించేవాళ్లు. పెళ్లివాళ్లు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి మురిసిపోయేవాళ్లు. ఆదోని, డోన్ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. షావుకారు నా వయసువాడే. వ్యాపారంలో చురుకైనవాడు, మాట తీరు మంచిది, తొందర మాత్రం ఎక్కువ. షాపు పెత్తనం ఆయనదే అయినా మంచీ చెడూ తేల్చేది వాళ్లమ్మ. ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు.

మిషను నడిపే ఆపరేటరు కోసిగి వైపు మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. ఆ ఊళ్లలో వానలు సరిగ్గా పడవు. పంట పని అయిపోగానే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. అతనూ చిన్నప్పుడు అట్లా పోయి పోయి, చదువు ముక్కలు ముక్కలుగా చదివినవాడే. ఒక కూతురు పుట్టింది. ఆ పాప ఒకే బడిలో, ఏడాది పొడుగునా కూర్చోవాలన్నది అతని పట్టుదల. అందుకోసమే కర్నూలులో ఒక గది తీసుకుని, భార్యనూ పాపనూ తెచ్చుకుని, ఈ షాపులో కుదిరాడు. ఈ ఉద్యోగం ఉంటే పాప బడి ఉంటుంది, లేకపోతే కూలీలను కోతలకు తోలుకుపోయే మేస్త్రీ లారీ ఉంటుంది. ఈ సంగతి అతను నాకు మొదటి పరిచయంలోనే చెప్పాడు, తనకు అన్నింటికంటే ముందు చెప్పాల్సింది అదే అన్నట్టు.

మొదటిసారి వెళ్లినప్పుడు మిషను ఒక్క కార్డుకే బోలెడంత సేపు తీసుకుంటోంది. పక్కన నిలబడి చూశాను. వినాయకుడి తొండం కోసింది, ఎగిరి కింద ఎలుక దగ్గరికి పోయింది, మళ్లీ పైకి వచ్చి కోసిన తొండాన్నే ఇంకోసారి కోసింది. హైదరాబాదు నుంచి డిజైన్ల సీడీ ఒకటి కొనుక్కొచ్చారు. దాన్ని తయారుచేసిన మహానుభావుడు ప్రతి గీత మీదా ఇంకో గీత గీసి పెట్టాడు. కంటికి ఒకటే కనిపిస్తుంది, మిషను మాత్రం రెండూ కోస్తుంది. పని రెట్టింపు, ట్యూబు అరుగుదల రెట్టింపు, పైగా కార్డు అంచులు నల్లగా మాడిపోవడం.

రెండో గీతలు ఎట్లా తీసేయాలో, లోపలి ముక్కలు ముందు కోసి చుట్టూ అంచు చివరికి ఎట్లా ఉంచాలో, దగ్గర దగ్గర గీతల్ని వరసలో ఎట్లా పెట్టాలో ఆపరేటరుకు చూపించాను. నేను ఇంకోసారి వెళ్లేటప్పటికి సీడీలో ఉన్న డిజైన్లన్నీ సరిచేసి పెట్టాడు. కార్డు ఇంతకుముందుకంటే సగం సేపట్లో బయటికి వస్తోంది. షావుకారు చాలా సంతోషపడి, నాకు కాఫీ ఇప్పించాడు. మెచ్చుకోవాల్సింది ఆపరేటరునని చెప్పాను. ఆయన అతనికీ కాఫీ ఇప్పించాడు.

కరెంటు ఎక్కువ తక్కువలు చేసే మరను ఎంత వరకు తిప్పవచ్చో కూడా ఆ రోజే చెప్పాను. ఆ హద్దుకు గుర్తు పెట్టడానికి ఏమైనా ఉందా అని అడిగితే, ఆపరేటరు భార్య కోసం కొన్న స్టిక్కర్ బొట్ల అట్ట జేబులోంచి తీసి, మెరూన్ రంగు బొట్టు ఒకటి ఇచ్చాడు. దాన్ని ఆ చోట అంటించి, ఇది దాటొద్దని చెప్పాను. మిషనుకు బొట్టు పెట్టారని పెద్దమ్మ కూడా సంతోషించిందట.

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా నీళ్ల డ్రమ్ముకు తడి గోనెసంచులు చుట్టమన్నాను. మన పొడిగాలికి అవి బాగా పనిచేస్తాయి. ఇన్ని చేసినా, రావాల్సిన కాలంలో సగం కూడా రాకుండానే మొదటి ట్యూబు పోయింది. చూస్తే గాజుకు లోపల తెల్లగా సున్నం పట్టింది. బోరు నీళ్లు పోశారు. కారణం దొరికిందని నేను నిశ్చింతగా, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయవద్దని చెప్పి, కొత్త ట్యూబు బిగించి వచ్చాను. వాళ్లు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు.

రెండో ట్యూబు ఇంకా తొందరగా పోయింది. అది సరిగ్గా మాఘమాసం, ముహూర్తాల మధ్యలో. షావుకారు డీలరుకు ఫోను చేసి అరిచాడు. డీలరు నాకు ఫోను చేసి, సరుకులో లోపం లేదని, నడిపేవాడే పాడుచేసి ఉంటాడని, వెళ్లి చూసి ఏ సంగతో తేల్చి చెప్పమన్నాడు. ట్యూబు తీసుకుని బస్సెక్కాను. మామూలుగా నేను వచ్చే రోజు ముందుగానే చెప్పేవాణ్ణి. ఈసారి తొందరలో చెప్పలేదు. నేను దిగేటప్పటికి శుక్రవారం మధ్యాహ్నం దాటింది.

ఆపరేటరు కనిపించలేదు. షావుకారే మిషను దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ వారం మొదట్లోనే అతన్ని పంపించేశానని చెప్పాడు. రెండు ట్యూబులు కాల్చినవాడి చేతికి మూడోది ఎట్లా ఇస్తానన్నాడు. నమ్మకపోతే బొట్టు చూడమన్నాడు. చూశాను. నేను అంటించిన చోట బొట్టు లేదు. దాన్ని పీకి, ఇంకా పైకి, మర తిరిగే చివర దగ్గర అంటించారు. అంటే కరెంటు నేను చెప్పిన హద్దు దాటి నడిచింది. దాన్ని జరిపింది ఆపరేటరేనని షావుకారు అన్నాడు. నాకూ అందులో అనుమానం లేదు. నాకు బాధ కలిగింది, కానీ బొట్టు అబద్ధం చెప్పదు కదా.

కొత్త ట్యూబు బిగించడానికి మూత ఎత్తి అద్దాలు చూసినప్పుడు మాత్రం కొంచెం ఆగాను. అద్దాల మీద సన్నటి పసుపు పొర ఉంది. నేను వెళ్లినప్పుడల్లా అద్దాలు తళతళలాడుతూ ఉండేవి. చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు కడుక్కున్నట్టు, సార్ వస్తున్నాడని ఆపరేటరు ముందురోజే అన్నీ తుడిచి పెట్టేవాడన్నమాట. ఈసారి చెప్పకుండా వచ్చాను, తుడిచే మనిషీ లేడు. కాగితం కోస్తే వచ్చే మసి నల్లగా ఉంటుంది. ఈ పసుపు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. తుడిచేసి, ట్యూబు బిగించి, బొట్టును పాత చోటికి తెచ్చి, ఒక కార్డు కోసి చూశాను. వినాయకుడి చుట్టూ ఉన్న ముక్కలన్నీ చెయ్యి తగలకుండానే రాలిపడ్డాయి.

దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ ఇంట్లోంచి షాపులోకి వచ్చింది. కంటి ఆపరేషను అయి ఎంతో కాలం కాలేదు, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. చేతిలో పిడి ఉన్న ఇత్తడి ధూపం గిన్నె, అందులో నిప్పులు, నిప్పుల మీద సాంబ్రాణి. గుమ్మానికి పొగ చూపించింది. గల్లాపెట్టె మూత తెరిపించి లోపలికి చూపించింది. తర్వాత మిషను దగ్గరికి వచ్చి, మూత ఎత్తమని కొడుకుకు చెప్పింది. పొగ నిలవాలని ఆయన ఫ్యాను ఆపి, మూత ఎత్తాడు. ఆమె ధూపం గిన్నెను లోపల పెట్టి, ఆ మూల నుంచి ఈ మూల దాకా నిదానంగా తిప్పింది. పొగ లోపల సుడులు తిరిగి, అద్దాల చుట్టూ నిలబడింది. పొగ బాగా పట్టేదాకా మూత సగం వేసి ఉంచారు.

ఒక పెద్దావిడ భక్తిగా పూజ చేస్తుంటే మధ్యలో ఆపగలిగే మనిషిని కాదు నేను. ఆమె పక్కకు వెళ్లి కూర్చున్నాక, ఇది ఎప్పటినుంచి అని షావుకారును నెమ్మదిగా అడిగాను. మిషను వచ్చిన రోజు నుంచి ప్రతి శుక్రవారమూ అన్నాడు. మొదటి ట్యూబు పోయాక, మిషనుకు దిష్టి తగిలిందని, మంగళవారం కూడా మొదలుపెట్టారట. మంగళవారం నాడు సాంబ్రాణితో పాటు ఎండుమిరపకాయలూ ఆవాలూ కూడా పడేవట. రెండో ట్యూబు మొదటిదానికంటే తొందరగా ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది.

కొంచెం దూది తీసుకుని, అప్పుడే పొగ పట్టిన అద్దాన్ని తుడిచాను. దూది పసుపు రంగుకు తిరిగింది, జిగటగా ఉంది, దగ్గరికి తెచ్చుకుంటే గుళ్లో వాసన. ఇంక మిగిలిందంతా దానంతట అదే వరస కట్టింది. సాంబ్రాణి జిగురు అద్దాల మీద పేరుకుంటుంది. కిరణం దారిలోనే నీరసపడుతుంది. కార్డు పూర్తిగా తెగదు, ముక్కలు రాలవు. పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి ఉంటారు, షావుకారు వెనక నిలబడి తొందరపెడుతుంటాడు. ఆపరేటరు ఏం చేస్తాడు? మర ఇంకొంచెం తిప్పుతాడు. వచ్చే వారం ఇంకొంచెం. చివరికి బొట్టు అడ్డం వస్తుంది. దాన్ని పీకి పైన అంటిస్తాడు.

ఇదంతా షావుకారుకు దూది చూపిస్తూ చెప్పాను. ఆయన తెలివైనవాడు, సగంలోనే అర్థమైంది. వాదించలేదు. నన్ను కార్డుల అరల వెనక్కి తీసుకుపోయి, గొంతు తగ్గించాడు.

"పొగ మానమని అమ్మకు చెప్పేకి నాకు నోరు రాదు సార్. ఆపరేటరంటే ఇంకొకడు దొరుకుతాడు. వాడు బొట్టు జరిపింది నిజమే కదా, మీరు అంతవరకు చెప్పండి చాలు."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. అదే నాకు చిరాకు తెప్పించింది. సగం చెబితే డీలరు సంతోషిస్తాడు, షావుకారు సంతోషిస్తాడు, పెద్దమ్మ పూజకు ఏ లోటూ రాదు. మునిగేది ఒక్కడే, వాడు ఇక్కడ లేడు కూడా. ఇంకో ఆపరేటరు వస్తాడు, ఇంకో ట్యూబు పోతుంది, నేను ఇంకోసారి బస్సెక్కుతాను. నాకు నిజంగా కోపం వచ్చింది. కానీ కోపం ఎవరి మీదో తేల్చుకునేలోపే అరల అవతల నుంచి పెద్దమ్మ పిలిచింది. ఆమెకు కంటి చూపు తగ్గింది కానీ వినికిడి ఏమాత్రం తగ్గలేదు.

"ఏమప్పా, యాడికి పోతిరి ఇద్దరూ? నాకు చెప్పకూడనిది ఏముండాది?"

షావుకారు నా వైపు చూశాడు. నేను దూది తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. దూది ఆమె చేతిలో పెట్టి, వాసన చూడమన్నాను. చూసి, సాంబ్రాణి అంది. అది ఆ మిషను అద్దం మీద నుంచి తుడిచిందని చెప్పాను. ఆ మిషనులో మూడు అద్దాలూ ఒక లెన్సూ ఉన్నాయని, పొగ వాటికి పట్టుకుంటే కిరణం మసకబారుతుందని చెప్పాను. లెన్సు అనే మాట దగ్గర ఆమె తల ఎత్తింది. ఆ మాట ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ రోజుల్లో మన వైపు కంటి ఆపరేషను చేయించుకున్న ముసలివాళ్లందరూ లెన్సు వేశారా వేయలేదా అని ఒకరినొకరు అడిగేవాళ్లు.

కొంతసేపు దూదిని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. తర్వాత నల్లద్దాలు ముట్టుకుని చూసుకుంది.

"పొగకు లెన్సు చెడుతుందని డాక్టరు చెప్తే నేను ఈటిని పెట్టుకుంటి. దానికి ఏం పెడితిమి మనం?" అంది.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. బొట్టు జరిపింది ఆపరేటరేనా అని అడిగింది. అవునన్నాను. ఎందుకు జరిపాడని అడిగింది. కార్డు తెగక, పెళ్లివాళ్లు నిలబడి ఉంటే, వేరే దారి తోచక జరిపి ఉంటాడని చెప్పాను. షావుకారు వెనక నిలబడి తొందరపెట్టేవాడన్న సంగతి నేను చెప్పలేదు. ఆయనే చెప్పాడు. ఆ విషయంలో ఆయనను మెచ్చుకోవాలి.

"పొగ ఏసింది నేను, తొందరపెట్టింది నువ్వు. ఇంటికి పంపించింది వాన్నా?" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "తెల్లారినాక పోయి పిల్చుకోని రా. ఫోను చేసేది గాదు, నువ్వు పో."

మర్నాడు షావుకారు జీపులో నన్ను కూడా ఎక్కించుకున్నాడు. తను చెబితే ఆపరేటరు నమ్మడని, నేను ఉంటే నమ్ముతాడని అన్నాడు. మొదట అతని గదికి వెళ్లాం. ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారన్నారు. ఎమ్మిగనూరు మీదుగా కోసిగి వైపు పోయాం. దారి పొడుగునా ఎండిన పొలాలు. అతని ఊళ్లో వీధిలో సగం ఇళ్లకు తాళాలు ఉన్నాయి. అతని ఇంటికీ తాళం ఉంది. గొర్రెలు మేకలు లోపలికి దూరకుండా తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. పక్కింటి గుమ్మంలో ఒకామె శనక్కాయలు వలుస్తూ కూర్చుంది. ఎవరి కోసమని అడిగింది. చెప్పాం.

"పోయిరప్పా. మొన్న లారీ వచ్చింది, ఎక్కిరి. మేస్త్రీ ముందే దుడ్లు ఇచ్చింటాడు, ఇప్పుడు నడుమ ఇడిసి వచ్చేకి కాదు" అంది.

షావుకారు పాప సంగతి అడిగాడు. అడుగుతాడని నేను అనుకోలేదు.

"పాపను గూడా తోలుకోని పాయిరి. ఈడ దాన్ని చూసుకునేకి ఎవరుండారు?"

ఆయన కొంచెంసేపు ఆ ముళ్లకంప వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను తిరిగి వచ్చాక తప్పకుండా షాపుకు రమ్మన్నామని, మిషను అతని కోసమే ఉంటుందని ఆమెకు చెప్పాడు. తిరుగు దారిలో, బడి పరీక్షలు ఎప్పుడుంటాయని నన్ను అడిగాడు. వేసవి సెలవుల ముందుంటాయని చెప్పాను. మిరప కోతలు అప్పటికి అవుతాయా అని మళ్లీ అడిగాడు. కావని ఇద్దరికీ తెలుసు. ఎమ్మిగనూరులో టీ తాగడానికి ఆగాం. ఆయన టీ చల్లారిపోయింది.

ఆ మాఘమాసమూ ఫాల్గుణమూ మిషను షావుకారే నడిపాడు. మిషను ముందు కూర్చున్నాక ఆయన తొందర చాలా తగ్గింది. వెనక నిలబడి తొందరపెట్టడం వేరు, ముందు కూర్చుని నడపడం వేరు. బొట్టు దాటి మర తిప్పలేదు. పెద్దమ్మ శుక్రవారం పొగను గల్లాపెట్టె దగ్గరే ఆపి, అక్కడి నుంచే మిషనుకు దండం పెట్టి వెనక్కి వెళ్లేది. నేను కూడా ఆ షాపు సర్వీసు శుక్రవారానికి మార్చుకుని, ముందు చెప్పకుండా వెళ్లడం మొదలుపెట్టాను. అద్దాల మీద కాగితం మసి తప్ప ఏమీ ఉండేది కాదు.

ఎండలు బాగా ముదిరాక ఒక శుక్రవారం వెళితే మిషను దగ్గర ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, లెన్సు మీరే తుడవండి సార్ అన్నాడు. మిరపకాయల ఘాటు చేతుల్లోంచి ఇంకా పోలేదట. ఎన్నిసార్లు కడిగినా, పొరపాటున కన్ను ముట్టుకుంటే మంటేనట. నేను తుడిచాను. తుడుస్తూ, పొగ విషయం నాకు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మ ఏసే పొగ కదా సార్. దాంట్లో చెడు ఉంటాదని నాకు తోచలే. తోచినా, మూత తీయనని నేను యాడ చెప్తాను" అన్నాడు.

పాప గురించి అడిగాను. పరీక్షలకు లేదు కాబట్టి మళ్లీ అదే తరగతిలో కూర్చోవాలని బడిలో చెప్పారట. వానలు పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ వచ్చింది. నల్లద్దాలు తీసేసింది. గుమ్మానికీ గల్లాపెట్టెకూ పొగ చూపించింది. ఈసారి అక్కడ ఆగలేదు. నేరుగా మిషను దగ్గరికి వచ్చింది. ఆపరేటరు పాత అలవాటు కొద్దీ లేచి, మూత మీద చెయ్యి వేశాడు. నేను పనిముట్లు సర్దుకుంటున్నవాణ్ణి ఆగిపోయాను.

"మూత ఎత్తొద్దప్పా" అంది పెద్దమ్మ. ధూపం గిన్నె పిడిని అతని వైపు తిప్పి చాచింది. "ఇది నువ్వు పట్టుకో. యాడ ఏయొచ్చునో, యాడ ఏయకూడదో ఇంకమీదట నువ్వే చెప్పు."

ఆ గిన్నెను ఆ ఇంటి ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోగా నేను చూడలేదు. షావుకారు కూడా చూసి ఉండడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆపరేటరు చేతులు రెండూ చొక్కాకు తుడుచుకున్నాడు. గిన్నె తీసుకున్నాడు. ఎటు పోవాలో తెలియక ఒక క్షణం నిలబడి, తర్వాత షాపు దాటి మెట్ల మీదికి పోయి, వీధి వైపు తిరిగి పట్టుకున్నాడు. పొగంతా రోడ్డు మీదికి పోయింది. పెద్దమ్మ లోపలి నుంచే దండం పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది. అది పొగకేనేమో, నేను అడగలేదు.

ఫోన్లో చెప్పలేనన్న ఐదో మాట ఇదే. మిషను నడిపేవాడికి, మూత తీయనని చెప్పగలిగే వీలుండాలి. ఈ మాట ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు. రాసినా షావుకార్లు చదవరు, ఆపరేటర్లను చదవనివ్వరు.

ఆ మూడో ట్యూబు సంవత్సరం దాటి, ఇంకో మాఘమాసం కూడా చూసింది. దాని గురించి డీలరు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, అంతకాలం ఎట్లా నడిపారని వేరే ఊళ్ల వాళ్లు నన్ను అడిగేవాళ్లు. నేను నీళ్ల గురించీ అద్దాల గురించీ చెప్పేవాణ్ణి. అతను కోతల నుంచి తిరిగి వచ్చిన ఏడాది జూన్‌లో, బడులు తెరిచిన రోజు మాత్రం ఆపరేటరు కొంచెం ఆలస్యంగా పనిలోకి వచ్చాడు. పాపను, తనకంటే చిన్నపిల్లల మధ్య, మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెట్టి వచ్చాడు.